ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే: దుకాణానికి తీసుకెళ్లే ముందు ఇంట్లో చూసుకోవలసినవి

పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి తెర మీద పాస్‌వర్డ్ అడిగే గడి కనిపించే వరకు ల్యాప్‌టాప్ లోపల పనులు ఒక వరుసలో జరుగుతాయి. ముందు ఛార్జర్ నుంచో బ్యాటరీ నుంచో కరెంటు మదర్‌బోర్డుకు అందాలి. తర్వాత బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే బయోస్ అనే తొలి ప్రోగ్రాము నడవడం మొదలుపెట్టి ప్రాసెసర్, ర్యామ్, తెర సరిగా పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత హార్డ్‌డిస్కులోనో ఎస్‌ఎస్‌డిలోనో ఉన్న విండోస్‌ను వెతికి దానికి పని అప్పగించాలి. వీటిలో ఏ దశలో పని ఆగిపోయినా బయటికి కనిపించేది చాలాసార్లు చీకటి తెర ఒక్కటే. కాబట్టి ఏ భాగం పాడైందో ఊహించడానికి ముందు, పని ఏ దశలో ఆగిందో తేల్చుకోవాలి. ఆ ఒక్కటి తేలితే వెతకవలసిన చోటు చాలా తగ్గిపోతుంది.

విశాఖపట్నంలో ఉండేవారు దీనికి తోడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, రుషికొండ వంటి చోట్ల గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. కిటికీ గ్రిల్లులకు, గేటు మడతబందులకు ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడ కాపురముండేవారికి వేరే చెప్పనవసరం లేదు. ఆ గాలినే ల్యాప్‌టాప్ ఫ్యాన్ గంటల తరబడి లోపలికి లాగుతుంది. పాతనగరంలో, ఓడరేవు చుట్టుపక్కల ఇళ్లలో దానికి బొగ్గు ధూళి కూడా తోడవుతుంది. అందువల్ల ఈ ఊళ్లో బోర్డుకు అతికించి ఉన్న చిప్‌ల కన్నా ముందుగా, ఒకదానికొకటి తగిలించి ఉండే చోట్లను, అంటే ప్లగ్గు, ఛార్జర్ పిన్ను, ర్యామ్, బ్యాటరీ కనెక్టరు వంటివాటిని అనుమానించడం మంచిది. ఎవరైనా బోర్డు పోయిందని చెబితే, ఈ చోట్లన్నీ చూశాకే ఆ మాట చెబుతున్నారా అని అడగవలసిందే.

అసలు కరెంటు అందుతోందా

బటన్ నొక్కినప్పుడు ఒక్క దీపమైనా వెలగకుండా, ఫ్యాన్ చప్పుడైనా వినిపించకుండా ఉంటే పని మొదటి దశలోనే ఆగిందని అర్థం. ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కన పెట్టి, గోడకున్న ప్లగ్గులో ముందు ఫోన్ ఛార్జర్ పెట్టి చూసి, అది పనిచేస్తేనే అదే ప్లగ్గులో ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో స్విచ్‌బోర్డుల లోపలి ఇత్తడి పట్టీలకు ఆకుపచ్చగా చిలుము పట్టి, ప్లగ్గు గట్టిగా దిగినట్టే అనిపించినా కరెంటు వస్తూ పోతూ ఉండటం మామూలే. ప్లగ్గు పెట్టిన చోట చిటపట చప్పుడు వినిపించినా, కాలిన వాసన వచ్చినా ఆ ప్లగ్గును ఇక వాడకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

తర్వాత ఛార్జర్. గోడ నుంచి వచ్చే మూడు పిన్నుల తీగ అడాప్టర్ డబ్బాలోకి దిగే చోట తరచూ వదులవుతుంది. దాన్ని పూర్తిగా ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాలి. డబ్బా మీద దీపం ఉంటే అది వెలుగుతోందో లేదో, ల్యాప్‌టాప్‌కు తగిలించగానే ఆరిపోతోందో చూడాలి. తగిలించగానే ఆరిపోయి, తీసి కాసేపు ఆగితే మళ్లీ వెలుగుతుంటే ల్యాప్‌టాప్ లోపల ఎక్కడో షార్ట్ ఉండవచ్చు. అక్కడితో ఇంటి ప్రయత్నం ఆపేసి, అదే ఛార్జర్‌ను పదేపదే గుచ్చి చూడకుండా రిపేరుకు ఇవ్వాలి.

అడాప్టర్ అడుగున అంటించిన కాగితాన్ని ఒకసారి చదవడం అవసరం. లోపలికి 100 నుంచి 240 వోల్ట్ల వరకు తీసుకుంటుందని దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. కనుక మన ఇళ్లలో వచ్చే మామూలు లో వోల్టేజి దానికి పెద్ద ఇబ్బంది కాదు. బయటికి ఇచ్చేది 19.5 వోల్ట్లు, 3.33 ఆంపియర్లు అని రాసి ఉంటే అది 65 వాట్ల ఛార్జర్. ఇంట్లో రెండు మూడు ల్యాప్‌టాప్‌లు ఉన్నప్పుడు ఛార్జర్లు తారుమారై, ఎక్కువ కరెంటు కోరే యంత్రానికి 45 వాట్ల ఛార్జర్ తగులుతుంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటే అప్పుడది అసలు ఆన్ కాకపోవచ్చు. మల్టీమీటరు ఉన్నవారు దాన్ని డీసీ వోల్ట్ల మీద పెట్టి, గుండ్రటి పిన్ను లోపలి వైపు ఎర్ర తీగను, బయటి వైపు నల్ల తీగను ఆనిస్తే కాగితం మీద రాసిన అంకెకు దగ్గరగా రావాలి. డెల్, హెచ్‌పీ ఛార్జర్లలో చాలావాటికి పిన్ను మధ్యలో సన్నని సూది ఒకటి ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, ఛార్జర్ ఏ రకమో ల్యాప్‌టాప్‌కు తెలియజేయడానికి. ఆ సూది వంగినా విరిగినా ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను గుర్తుపట్టలేక బ్యాటరీని ఛార్జ్ చేయడం మానేస్తుంది. టైప్ సి ఛార్జర్లను మాత్రం మల్టీమీటరుతో ఇలా తేల్చలేము, ఎందుకంటే అవతలి యంత్రంతో మాట కలిసే వరకు అవి 5 వోల్ట్లకు మించి ఇవ్వవు. ఫోన్‌తో వచ్చిన చిన్న టైప్ సి ఛార్జర్‌కు ల్యాప్‌టాప్‌ను లేపేంత శక్తి చాలాసార్లు ఉండదు. ల్యాప్‌టాప్‌తో మాట కలిపి ఎక్కువ వోల్టేజి ఇవ్వగల 45 లేదా 65 వాట్ల పవర్ డెలివరీ ఛార్జర్‌ను ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి చూడాలి.

ఛార్జర్ మంచిదేనని తేలితే ఫోన్ టార్చి వేసి ల్యాప్‌టాప్‌కున్న ఛార్జింగ్ రంధ్రంలోకి చూడాలి. లోపల పత్తి నూగు, ధూళి అడుగున గట్టిపడి ఉండటం, లోహం మెరుపు తగ్గి నల్లబడటం, అంచుల్లో లేత ఆకుపచ్చ పొడి కనిపించడం వంటివి ఈ దశలోనే బయటపడతాయి. ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు, చెక్క పుల్ల కొనకు చుట్టిన కొద్దిపాటి దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ ఇందుకు పనికిరాదు. అందులోని గ్లిజరిన్ జిగురుగా మిగిలిపోతుంది. పిన్ను పెట్టాక అటూ ఇటూ ఊగుతూ, ఒక కోణంలో పట్టుకుంటేనే ఛార్జింగ్ దీపం వెలుగుతుంటే ఆ సాకెట్టు వదులైనట్టే. చాలా మోడళ్లలో దాన్ని విడిగా మార్చవచ్చు, బోర్డు మొత్తం మార్చనక్కరలేదు.

ఇవన్నీ చూసినా చలనం లేకపోతే, బోర్డులో మిగిలిపోయిన ఛార్జ్‌ను ఖాళీ చేసే పద్ధతి ఒకటుంది. ఖర్చు లేనిది, చాలాసార్లు ఫలించేది కూడా. ఛార్జర్‌తో పాటు పెన్‌డ్రైవు, మౌసు వంటివన్నీ ఊడదీయాలి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దాన్నీ తీయాలి. తర్వాత పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కిపట్టి వదలాలి. ఆ తర్వాత బ్యాటరీ లేకుండా కేవలం ఛార్జర్ తగిలించి ఆన్ చేసి చూడాలి. బ్యాటరీ లోపలే ఉండే కొన్ని లెనోవో, ఏసర్ మోడళ్లలో అడుగుభాగాన సూది దూరేటంత రంధ్రం ఉంటుంది. పక్కన చిన్న బాణమో బ్యాటరీ గుర్తో కనిపిస్తుంది. ఛార్జర్ తీసేసి, అందులో పేపర్ క్లిప్ కొనతో కొన్ని సెకన్లు నొక్కితే బ్యాటరీ సంబంధం తాత్కాలికంగా తెగి మళ్లీ కలుస్తుంది. మైకు రంధ్రాన్ని చూసి అదే అనుకొని పొడిచేవారు ఉంటారు కనుక మోడల్ మాన్యువల్ చూసుకున్నాకే ఆ పని చేయాలి. నెలల తరబడి వాడకుండా బీరువాలో పెట్టిన ల్యాప్‌టాప్ అయితే వెంటనే నిరాశ పడకుండా గంటసేపు ఛార్జింగ్‌లో ఉంచి చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం ప్రయోగాలు కూడదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు మూత ఉబ్బి ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. పరుపు, కాగితాలు లేని చోట పెట్టి, బ్యాటరీని జాగ్రత్తగా తీయగలిగినవారికి అప్పగించాలి.

తుఫాను రోజులకు సంబంధించి ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు అపార్టుమెంటు జనరేటర్ మీద ల్యాప్‌టాప్ ఛార్జ్ చేసుకోక తప్పదు. జనరేటర్ మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు, కరెంటు తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరిపడుతుంది కనుక ఆ కొద్ది నిమిషాలు ఛార్జర్‌ను ప్లగ్గులో ఉంచకపోవడం మేలు. వేసవి సాయంత్రాల ఉరుముల వానలకూ ఇదే వర్తిస్తుంది.

దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది

పవర్ దీపం వెలిగి, ఫ్యాన్ తిరుగుతూ, తెర మాత్రం చీకటిగా ఉంటే యంత్రం లోపల నడుస్తోందా లేదా అన్నది ముందు తేలాలి. రెండు నిమిషాలు ఆగి క్యాప్స్ లాక్ మీట నొక్కితే దాని దీపం వెలిగి, మళ్లీ నొక్కితే ఆరుతుంటే బోర్డు చాలావరకు నడుస్తున్నట్టే, లోపం తెర వైపు ఉన్నట్టే. అప్పుడు గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడాలి. విండోస్ బొమ్మో అక్షరాలో లీలగా కనిపిస్తే తెర పనిచేస్తోంది కానీ వెనక వెలుగు లేదన్నమాట. హెచ్‌డిఎమ్‌ఐ తీగతో ఇంట్లో టీవీకి కలిపి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: టీవీలో బొమ్మ వస్తే ల్యాప్‌టాప్ తెరలోనో, మడత దగ్గర నలిగిన తీగలోనో లోపం ఉంది. ఆ తీగ మార్చడం తెర మార్చడం కన్నా చాలా చవక, కాబట్టి దుకాణంలో ముందు తీగ సంగతి అడగాలి. విండోస్ నడుస్తూ బొమ్మ మాత్రం రాని సందర్భాల్లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి నొక్కితే తెర మీద బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్, మళ్లీ మొదలై తెర వెలిగే అవకాశం ఉంది.

క్యాప్స్ లాక్ కూడా స్పందించకపోతే బయోస్ తన తనిఖీ దగ్గరే ఆగిపోయింది. ఆగినప్పుడు అది ఊరికే ఉండదు, తనకు తెలిసిన భాషలో కారణం చెబుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు బీప్ శబ్దాలు చేస్తాయి. డెల్ మోడళ్లలో బ్యాటరీ దీపం నారింజ, తెలుపు రంగుల్లో ఒక లెక్క ప్రకారం మిణుకుతుంది. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ దీపమే ఆ పని చేస్తుంది. కంటితో లెక్కపెడితే తప్పిపోతాం కనుక ఫోన్‌లో వీడియో తీసి, నెమ్మదిగా నడిపిస్తూ లెక్కించి, ఆ మోడల్ పేరుతో కంపెనీ సహాయ పుటలో వెతికితే అది ర్యామ్ గురించో, ప్రాసెసర్ గురించో, బయోస్ గురించో తెలిసిపోతుంది.

ఈ దశలో నేను ముందుగా అనుమానించేది ర్యామ్‌నే, ముఖ్యంగా ముసురు పట్టిన రోజుల్లో. వారంటీ ముగిసిన ల్యాప్‌టాప్ అయి, మరలు విప్పడం అలవాటుంటే ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. పలుచని మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. వాటి విషయంలో ఇక్కడ చేయగలిగింది లేదు. విడి ర్యామ్ ఉన్నవాటికి ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, మరే భాగాన్నీ ముట్టకముందే బ్యాటరీ కనెక్టరును ప్లాస్టిక్ పుల్లతోనో గోటితోనో ఊడదీయాలి. ఏసీ గదిలో కూర్చుని చేస్తుంటే ముందుగా ఇనుప కిటికీ ఊచనొకసారి తాకి ఒంటిలోని స్టాటిక్ విద్యుత్తును వదిలించుకోవాలి. ర్యామ్ ముక్కకు రెండు వైపులా ఉన్న చిన్న లోహపు కొక్కేలను ఒకేసారి పక్కలకు తొలగిస్తే ముక్క దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తుంది. దాని అంచున వరుసగా ఉండే బంగారు రంగు పట్టీలను వెలుతురులో తిప్పి చూస్తే, ఉప్పుగాలి తగిలిన ముక్కలో కొన్ని పట్టీల మీద మసక పొర కనిపిస్తుంది. పిల్లలు వాడే మెత్తని తెల్ల రబ్బరుతో ఒకే దిశలో తేలికగా రుద్ది, రాలిన పొట్టు మొత్తం బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి. వేలు ఆ పట్టీలకు తగలకూడదు. చెమట చేతులతో ముట్టుకుంటే చేసిన పని వృథా అవుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ముక్కకున్న గాటు స్లాటులోని గాటుతో సరిపోయేలా ఏటవాలుగా పూర్తిగా లోపలికి దించి, తర్వాత కిందికి నొక్కితే రెండు కొక్కేలూ టక్కుమని పడతాయి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడాలి. ఒక దానితో ఆన్ అయి మరో దానితో కాకపోతే దోషి ఎవరో తెలిసినట్టే. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లు ర్యామ్ తీసి పెట్టిన తర్వాత మొదటిసారి ఆన్ అయ్యేటప్పుడు కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండిపోతాయి. అది తనిఖీ సమయం. కంగారుపడి మధ్యలో ఆపేయకూడదు.

ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం తప్పు చూపిస్తుంటే బోర్డు మీది చిన్న నాణెపు బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. అది 3 వోల్ట్ల సెల్లు, చాలా మోడళ్లలో చిన్న తీగతో బోర్డుకు తగిలించి ఉంటుంది, మార్చడం తేలిక.

లోగో వచ్చి అక్కడే ఆగితే

కంపెనీ లోగో కనిపించిందంటే కరెంటు, ర్యామ్, తెర తమ పని చేసినట్టే. ఇక మిగిలింది డిస్కు, విండోస్. బూట్ చేయడానికి డిస్కు దొరకలేదని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తే ముందుగా పెన్‌డ్రైవు గానీ మెమరీ కార్డు గానీ తగిలించి ఉందేమో చూసి తీసేయాలి. తర్వాత ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లాలి: డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో మోడల్‌ను బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2. అక్కడ డిస్కు పేరు కనిపిస్తే విండోస్‌లో లోపం ఉంది. పేరే కనిపించకపోతే డిస్కు వదులైందో, పోయిందో అయి ఉంటుంది. ర్యామ్‌కు చెప్పినట్టే ఎస్‌ఎస్‌డిని కూడా బ్యాటరీ కనెక్టరు తీశాక ఒకసారి ఊడదీసి పెట్టవచ్చు. హార్డ్‌డిస్కు టిక్కు టిక్కుమని పదేపదే కొట్టుకుంటుంటే దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేయకూడదు. ఆన్ చేసిన కొద్దీ లోపలి సమాచారం తిరిగివచ్చే అవకాశం తగ్గుతుంది.

బయోస్‌లో మిగతా సెట్టింగులను మార్చకపోవడమే మంచిది. సెక్యూర్ బూట్, స్టోరేజి మోడ్ వంటివి కదిపితే ఇంతవరకు బాగున్న విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు, లేదా డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ చాలామందికి మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి ముందే రాసిపెట్టుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఆ కీ కంపెనీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది, కాబట్టి రుషికొండలోనో మధురవాడలోనో ఉద్యోగం చేసేవారు ఆఫీసు యంత్రాన్ని ఇంట్లో విప్పకుండా ఆ విభాగానికే చెప్పాలి. కీ లేకుండా డిస్కులోని సమాచారాన్ని ఏ దుకాణమూ తీసి ఇవ్వలేదు.

విండోస్ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోతే, ముందు అరగంట ఆగాలి. అప్‌డేట్ జరుగుతూ ఉండవచ్చు. అయినా కదలకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి, విండోస్ మొదలవుతుండగా మళ్లీ ఆపాలి. రెండు మూడు సార్లు ఇలా ఆగాక విండోస్ తనంతట తానే రిపేరు తెరను చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దాటి లోపలికి వెళ్లి, మొదట స్టార్టప్ రిపేర్, అది పనిచేయకపోతే ఈ మధ్య వేసిన అప్‌డేట్‌ను తొలగించడం, తర్వాత సిస్టమ్ రిస్టోర్, ఈ వరుసలో ప్రయత్నించాలి. అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్‌ను నడిపే సేఫ్ మోడ్‌లో ఆన్ అయితే యంత్రం బాగానే ఉంది, ఏదో డ్రైవరో ప్రోగ్రామో అడ్డుపడుతోందన్నమాట. 2024 జులై 19న ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయినప్పుడు జరిగింది అదే. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక తప్పు ఫైలు కారణంగా అవి మొరాయించాయి. చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయగానే లేచి కూర్చున్నాయి. ఆ రోజు ఒక్క విడిభాగం కూడా మార్చవలసిన పని లేకపోయింది.

రీసెట్ దిస్ పీసీ, అంటే విండోస్‌ను మళ్లీ కొత్తగా వేయడం, ఆఖరి మార్గం. దాన్ని నొక్కే ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి. విండోస్‌కు బదులుగా నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటుతో మరో కంప్యూటర్‌లో పెన్‌డ్రైవు తయారుచేసుకొని, దాని మీద ల్యాప్‌టాప్‌ను నడిపి, ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా కీ కావాలి. ఫైళ్లను ఉంచమనే వీలు రీసెట్‌లో ఉన్నా, వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి.

తడిసినప్పుడు

టీ ఒలికినా, వానలో బ్యాగు తడిసినా వెంటనే ఛార్జర్ తీసి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, ల్యాప్‌టాప్‌ను తెరిచి బోర్లా నిలబెట్టాలి. పనిచేస్తోందేమో చూద్దామని ఆన్ చేయడమే ఎక్కువ బోర్డులను కాలుస్తుంది. బియ్యంలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి కూడా వద్దు. తడిసింది సముద్రపు నీటితో అయితే ఆరే వరకు ఎదురుచూడటమే ప్రమాదం, ఎందుకంటే నీరు పోయినా ఉప్పు మిగిలి రాగిని తింటూనే ఉంటుంది. అదే రోజు బోర్డు విప్పి శుభ్రం చేయించాలి. ఏసీలో బాగా చల్లబడిన ల్యాప్‌టాప్‌ను ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే ఆన్ చేసినా లోపల చెమ్మ పట్టే అవకాశం ఉంది. అరగంట మూసి ఉంచి ఆన్ చేయాలి.

దుకాణానికి ఇచ్చేటప్పుడు

ద్వారకానగర్‌లోని దుకాణానికైనా కంపెనీ సర్వీస్ సెంటర్‌కైనా ఇచ్చేటప్పుడు పని ఏ దశలో ఆగిందో, దీపం ఎన్నిసార్లు మిణికిందో, ఇంట్లో ఏమేమి చూశారో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. "బోర్డు పోయిందండీ, మార్చాలి" అని చెబితే ఛార్జింగ్ సాకెట్టు, ర్యామ్, తెర తీగ విడివిడిగా చూశారా, బోర్డు మీద చిలుము పట్టిన చోటు చూపించగలరా అని మర్యాదగానే అడగవచ్చు. నిజంగా చూసినవారు మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించడానికి వెనుకాడరు. విడి ఎస్‌ఎస్‌డి ఉన్న ల్యాప్‌టాప్‌లో లోపం కరెంటు దశలోనే ఉందని తెలిస్తే, ఎస్‌ఎస్‌డిని తీసి ఇంట్లో ఉంచుకొని మిగతాది ఇవ్వవచ్చు. రసీదు మీద ల్యాప్‌టాప్ సీరియల్ నంబరుతో పాటు ర్యామ్ ఎన్ని జీబీలో, ఎస్‌ఎస్‌డి ఏ కంపెనీదో రాయించుకోవాలి. ఏదైనా మార్చితే పాత భాగాన్ని తిరిగి ఇవ్వాలని ముందే చెప్పి, ఆ మాట కూడా రసీదులో చేర్పించాలి.